వ్యాయామం చేస్తూ బరువు తగ్గేవారికి రోజుకు ఎన్ని క్యాలరీలు?

బరువు తగ్గాలని వ్యాయామం మొదలుపెట్టినవారికి ముందుగా రెండు అంకెలు తెలియాలి. ఒంటికి రోజు మొత్తంలో ఖర్చయ్యే శక్తి ఎంత అన్నది ఒకటి. అందులో ఎంత తగ్గించి తింటే ఆరోగ్యం చెడకుండా కొవ్వు కరుగుతుంది అన్నది రెండోది. ఈ రెండింటినీ ఎవరికివారు కాగితం మీద లెక్క కట్టుకోవచ్చు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. లెక్క దారి తప్పేది ఎక్కువగా వ్యాయామం పద్దు దగ్గరే. నడకకు, జిమ్‌కు అయ్యే ఖర్చును రెండుసార్లు కలిపేసుకుని, ఆ మేరకు తింటూ, నెలలు గడిచినా బరువు కదలడం లేదని నిరుత్సాహపడేవారు చాలామంది ఉంటారు.

ఆహారం విషయంలో క్యాలరీ అని వాడుతున్నది నిజానికి కిలోక్యాలరీని. ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి పట్టే వేడి అది. ప్రాణి ఊపిరి తీయడం కూడా ఒక రకమైన దహనమేనని 1780లలో ఫ్రాన్స్‌లో లవోయిజర్, లాప్లాస్ తేల్చారు. మంచుతో చుట్టిన పాత్రలో గినీపందిని ఉంచి, అది విడిచిన వేడికి కరిగిన మంచును కొలిచారు. వందేళ్ల తర్వాత అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్‌వాటర్ మనుషుల మీద అదే పని చేశారు. మనిషి రోజుల తరబడి లోపలే ఉండి తిని, పడుకుని, సైకిలు తొక్కడానికి వీలైన గదిని కట్టించి, లోపలికి వెళ్లిన ఆహారాన్ని, బయటికి వచ్చిన వేడిని సరిచూశారు. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9, ఆల్కహాల్‌కు 7 క్యాలరీలని ఈ రోజు ప్రతి బిస్కెట్ ప్యాకెట్ లెక్కకూ ఆధారమైన అంకెలు ఆయన పని నుంచి వచ్చినవే.

ఒంట్లో శక్తి ఖర్చు ప్రధానంగా నాలుగు దారుల్లో జరుగుతుంది. కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి అయ్యేది మొదటి ఖర్చు. దీన్నే బీఎంఆర్ అంటారు. కుర్చీలో కూర్చుని పనిచేసేవారి మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం ఇదే. తిన్నది అరిగించుకోవడానికి సుమారు పదో వంతు పోతుంది. మూడోది కావాలని చేసే వ్యాయామం. ఇల్లు ఊడ్వడం, మెట్లెక్కడం, నిలబడి వంట చేయడం, ఊరికే అటూ ఇటూ తిరగడం వంటి చిన్నాచితకా కదలికలన్నీ నాలుగోది. ఈ చివరిదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, కానీ మనిషికీ మనిషికీ తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లివైన్ బృందం 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ అవసరం కన్నా 1,000 క్యాలరీలు ఎక్కువ పెట్టి, 1999లో ఫలితాలు ప్రచురించింది. కొందరికి అర కిలో కొవ్వు కూడా పెరగలేదు, కొందరికి నాలుగు కిలోలకు పైగా పెరిగింది. తేడాకు ప్రధాన కారణం, తమకు తెలియకుండానే కొందరి చిన్న కదలికలు పెరగడం, కొందరివి పెరగకపోవడం.

బీఎంఆర్‌ను కచ్చితంగా కొలవాలంటే ప్రయోగశాలలో పీల్చే ప్రాణవాయువును కొలవాలి. అందరికీ అది కుదరదు గనుక సూత్రాలు వచ్చాయి. బోస్టన్‌లోని కార్నెగీ పోషకాహార ప్రయోగశాల నుంచి హారిస్, బెనెడిక్ట్ 1919లో ఇచ్చిన సూత్రం దశాబ్దాల పాటు వాడుకలో ఉంది. 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేయాలి. ఆ వచ్చినదానికి మగవారైతే 5 కలపాలి, ఆడవారైతే 161 తీసేయాలి.

నలభై ఏళ్ల వయసు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు ఉండి, ఆఫీసులో కూర్చుని పనిచేసే మహిళను ఉదాహరణగా తీసుకుందాం. బరువు నుంచి 680, ఎత్తు నుంచి 969 వస్తాయి. వయసు కింద 200, ఆపైన 161 పోగా మిగిలేది 1,288. సూత్రం ప్రకారం ఆమె రోజంతా మంచం దిగకపోయినా ఖర్చయ్యేది ఇంత.

ఇక్కడ భారతీయులు చేసుకోవాల్సిన సవరణ ఒకటి ఉంది. ఈ సూత్రం అమెరికన్లను కొలిచి తయారుచేసినది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల్లో 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పనికి 2,110, మధ్యస్థ శ్రమకు 2,710, కాయకష్టానికి 3,470 క్యాలరీలు కావాలని ఉంది. 55 కిలోల మహిళకు వరుసగా 1,660, 2,130, 2,720. ఆ సంస్థ ఈ మూడు స్థాయిలకు వాడిన గుణకాలు 1.4, 1.8, 2.3. వాటితో భాగిస్తే పురుషుడి బీఎంఆర్ 1,507 దగ్గర, మహిళది 1,184 దగ్గర తేలుతుంది. అదే బరువుకు, ఆ సంస్థ ప్రమాణంగా తీసుకున్న ఎత్తులకు, ముప్పై ఏళ్ల వయసుకు అమెరికన్ సూత్రం వేస్తే ఆరేడు శాతం ఎక్కువ వస్తుంది. ఒకే బరువున్న యూరోపియన్‌తో పోలిస్తే భారతీయుల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండటం దీనికి ఒక కారణం. సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఎక్కువగా ఉండే ఈ తీరును పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్ తన పరిశోధనల్లో వివరంగా చూపారు. కాబట్టి పై మహిళకు 1,288 బదులు 1,210 వేసుకోవడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

తర్వాతి మెట్టు రోజువారీ కదలికలు. వ్యాయామాన్ని పక్కన పెట్టి, కూర్చుని చేసే పనికి ఉన్న 1.4తో గుణిస్తే రెండు బీఎంఆర్ అంకెల నుంచి 1,694, 1,803 వస్తాయి. అంటే వ్యాయామం లేని రోజున ఆమె ఖర్చు సుమారు 1,700 నుంచి 1,800 మధ్య ఉంటుంది. రెండు అంకెల్లో ఒకటే నిజమని పట్టుబట్టాల్సిన పని లేదు. ఈ నూరు క్యాలరీల సందును తూకం యంత్రం తర్వాత తేలుస్తుంది.

ఇక వ్యాయామం. శ్రమ తీవ్రతను మెట్ అనే కొలతతో చెబుతారు. ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు ఒక మెట్. ఇది కిలో బరువుకు గంటకు దాదాపు ఒక క్యాలరీ. నేల మీద గంటకు ఐదు కిలోమీటర్ల నడక సుమారు 3.5 మెట్‌లు, ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పరుగు 8 మెట్‌ల పైన. వందలాది పనుల మెట్ విలువలను బార్బరా ఐన్స్‌వర్త్ బృందం 1993లో ఒక పట్టికగా ప్రచురించింది. ఆ పట్టికను తర్వాత పలుమార్లు సవరించారు. 68 కిలోల మనిషి ముప్పావు గంట నడిస్తే 3.5ను 68తో, 0.75తో గుణించాలి. దాదాపు 180 క్యాలరీలు. కానీ ఆ ముప్పావు గంట ఇంట్లో కూర్చున్నా ఒక మెట్ ఖర్చయ్యేదే, అది ముందే లెక్కలో చేరిపోయింది. కాబట్టి నడక వల్ల అదనంగా అయిన ఖర్చు కోసం 3.5 నుంచి 1 తీసేసి గుణించాలి. వచ్చేది 128. మూడు చిన్న చెంచాల నూనెలో ఉండే శక్తి అంత. వారానికి ఐదు రోజులు నడిస్తే రోజుకు సగటున 91. దీన్ని కలిపితే ఆమె రోజువారీ ఖర్చు 1,790 నుంచి 1,890 మధ్య తేలుతుంది.

లెక్క తప్పే చోటు ఇదే. ఫోన్ యాప్‌లు చాలావరకు 1.2, 1.375, 1.55, 1.725 అనే గుణకాలు వాడతాయి. వారంలో మూడు నుంచి ఐదు రోజులు వ్యాయామం చేస్తే 1.55 ఎంచుకోమంటాయి. ఆ గుణకంలో వ్యాయామం ఇమిడే ఉంది. పై మహిళ దాన్ని ఎంచుకుంటే 1,996 వస్తుంది. ఆపైన చేతి గడియారం నడకకు చూపిన 180ని కూడా కలిపితే 2,176. అందులో 400 తగ్గించుకుని నడిచిన రోజున 1,776 తింటే, లోటులో ఉన్నానని ఆమె నమ్ముతుంది. అసలు ఖర్చు 1,790 దగ్గరే ఉంటే లోటు ఏమీ లేనట్టే. కష్టపడి నడిచి, నోరు కట్టుకుని కూడా బరువు తగ్గకపోవడానికి ఒంటి తత్వాన్నో గ్రంథులనో నిందించడానికి ముందు ఈ ఒక్క కూడికను సరిచూసుకోవాలి. వ్యాయామాన్ని గుణకంలో చేర్చాలి, లేదా విడిగా కూడాలి. రెండూ చేయకూడదు. విడిగా కూడటమే మేలు, ఎందుకంటే నడవని వారంలో ఆ అంకెను తీసేయడం సులువు.

చేతి గడియారాలు చూపే అంకె మీద ఎక్కువ ఆధారపడటమూ మంచిది కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని అవి బాగానే కొలిచాయి. క్యాలరీల విషయంలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది.

వ్యాయామపు ఖర్చంతా మొత్తానికి అలాగే చేరదన్నది ఇటీవలి పరిశోధనల్లో తేలిన మరో ముఖ్యమైన సంగతి. గుర్తుపట్టదగిన ఐసోటోపులున్న నీటిని తాగించి, రోజుల తరబడి మూత్ర నమూనాలు పరీక్షించి, స్వేచ్ఛగా తిరిగే మనిషి మొత్తం ఖర్చును కొలిచే పద్ధతి 1982 నుంచి మనుషులకు వాడుతున్నారు. హర్మన్ పాంట్జర్ బృందం ఈ పద్ధతితో టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా ప్రజలను పరిశీలించి 2012లో ఫలితాలు ఇచ్చింది. రోజూ మైళ్ల కొద్దీ నడిచే హాడ్జాల ఖర్చు, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, పట్టణాల్లో కూర్చుని పనిచేసే అమెరికన్ల ఖర్చుకు దాదాపు సమానంగా ఉంది. శ్రమ పెరిగినప్పుడు శరీరం ఇతర చోట్ల పొదుపు చేస్తుందని దీనికి ఇచ్చిన వివరణ. 2021లో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం అదనపు శ్రమ ఖర్చులో సగటున నాలుగో వంతుకు పైగా ఇలా సర్దుబాటైపోతుంది, ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. ఇంత నడిచాను కదా అని మధ్యాహ్నమంతా పడుకుంటే కూడా ఇదే జరుగుతుంది. అందుకే నడిచినందుకు బదులుగా తినే అలవాటు పెట్టుకోకపోవడం మంచిది. అలాగని వ్యాయామం వృథా అనుకోవడం పెద్ద పొరపాటు. రక్తంలో చక్కెర అదుపుకు, గుండెకు, నిద్రకు, తగ్గిన బరువు మళ్లీ రాకుండా కాపాడుకోవడానికి దాన్ని మించినది లేదు. లోటులో ఎక్కువ భాగాన్ని మాత్రం కంచం దగ్గరే తేవాలి.

ఎంత లోటు? రోజువారీ ఖర్చులో ఐదో వంతు దగ్గర ఆగితే చాలామంది తట్టుకోగలరు. పై ఉదాహరణలో అది 350 నుంచి 400, అంటే తినాల్సింది 1,450 దగ్గర. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఆడవారు 1,200కు, మగవారు 1,500కు దిగువకు వెళ్లకూడదని సాధారణంగా సలహా ఇస్తారు. మరీ తక్కువ తింటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, బీఎంఆర్ పడిపోతుంది. అమెరికాలో బరువు తగ్గే టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వారి విశ్రాంతి ఖర్చు వారి శరీరానికి ఉండాల్సినదాని కన్నా రోజుకు 500 క్యాలరీల మేర తక్కువగా ఉంది. వారిలో ఎక్కువమందికి తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చింది కూడా.

కండ పోకుండా ఉండాలంటే మాంసకృత్తులు తగినంత తినాలి, వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం చేయాలి. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వ్యాయామం చేస్తూ లోటులో ఉన్నవారికి 1.2 గ్రాములు, ఆపైన మేలు. 68 కిలోల మహిళకు ఇది రోజుకు 80 గ్రాములకు పైనే. అన్నం, చారు, కూరతో సాగే తెలుగు భోజనంలో ఇంత రావడం కష్టం. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 20 గ్రాములకు కాస్త పైన, గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. అందువల్ల పప్పు గట్టిగా, రెండు పూటలా వేసుకోవడం, అన్నం తగ్గించిన చోట గుడ్డు, పెరుగు, చేప, కోడిమాంసం, సెనగలు, సోయా వంటివి చేర్చడం అవసరమవుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

తిన్నది లెక్కపెట్టడం ఖర్చు లెక్క కట్టడం కన్నా కష్టం. న్యూయార్క్‌లో ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న స్థూలకాయులను పరీక్షించి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, వారు తిన్నదాన్ని దాదాపు 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు తేలింది. వారి జీవక్రియలో లోపం కనిపించలేదు, వారు కావాలని అబద్ధం చెప్పారనీ అనుకోనక్కర్లేదు. కంటి అంచనా అంతగా మోసపోతుంది. తెలుగు వంటింట్లో ఆ మోసానికి మొదటి చోటు నూనె. వేపుళ్లలో, తాలింపుల్లో, ఆవకాయలో ఎంత నూనె కడుపులోకి వెళ్తుందో కంచం చూసి చెప్పలేరు. దీనికి తేలికైన ఉపాయం, ఇంటికి నెలకు వచ్చే నూనె ప్యాకెట్లను మనుషులతో భాగించడం. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే తలకు ఒక లీటరు, అంటే సుమారు 910 గ్రాములు. క్యాలరీల్లో అది 8,190, రోజుకు 273. ఆ ఒక్క పద్దును సగం చేస్తేనే రోజుకు 130కి పైగా తగ్గుతాయి. ముప్పావు గంట నడక ఇచ్చేదానికి అది సమానం.

అన్నం తూకంలోనూ తికమక ఉంది. వంద గ్రాముల బియ్యంలో 350 క్యాలరీల దాకా ఉంటాయి. ఉడికాక నీరు పీల్చుకుని అదే రెండున్నర నుంచి మూడు రెట్ల బరువవుతుంది, కాబట్టి వంద గ్రాముల అన్నంలో ఉండేది 120 నుంచి 140 మాత్రమే. యాప్‌లో బియ్యానికి, అన్నానికి తేడా చూసుకోకపోతే ఒక్క పూటలోనే రెండు మూడు వందలు తప్పుతాయి. పచ్చి బియ్యాన్ని, పప్పును తూచి వండి, వండినదాన్ని పంచుకుని తింటే ఈ చిక్కు ఉండదు. మన ధాన్యాలు, కూరగాయలు, చేపలు సహా 528 ఆహారాల విలువలను జాతీయ పోషకాహార సంస్థ 2017లో పట్టికలుగా ప్రచురించింది. విదేశీ యాప్‌లు చూపే అంకెల కన్నా అవే ఆధారపడదగినవి.

సూత్రం ఇచ్చే అంకె ఎవరికైనా మొదటి అంచనా మాత్రమే. దాన్ని ఒంటికి సరిపోయేలా దిద్దేది తూకం యంత్రం. రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకుని, వారానికి ఒక సగటు తీయాలి. ఒక్క రోజు అంకెకు విలువ లేదు. ముందు రోజు తిన్న ఉప్పు, ఆడవారికి నెలసరి, గట్టిగా చేసిన వ్యాయామం కిలో, కిలోన్నర తేడా చూపించగలవు. మొదటి వారంలో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న పిండిపదార్థం ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, తిండి తగ్గగానే రెండూ పోతాయి. అందుకని రెండో వారం సగటు నుంచి ఆరో వారం సగటు దాకా చూడాలి. ఆ నాలుగు వారాల్లో పై మహిళ రోజుకు 1,450 తిని 1.2 కిలోలు తగ్గిందనుకుంటే, కిలో కొవ్వుకు 7,700 చొప్పున 9,240, దాన్ని 28 రోజులతో భాగిస్తే 330. అంటే ఆమె నిజమైన ఖర్చు 1,780. ఈ అంకె ఆమె సొంతం. దీనిలో ఆమె నడక, ఆమె సర్దుబాటు, తూకంలో ఆమె అలవాటుగా చేసే పొరపాట్లు అన్నీ కలిసే ఉన్నాయి. ఇక సూత్రాన్ని పక్కన పెట్టి దీని మీదే లెక్క సాగించవచ్చు.

7,700 అంకెకు మూలం అమెరికన్ వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ 1958లో రాసిన పౌనుకు 3,500 అన్న లెక్క. కొన్ని వారాలకు అది బాగానే పనిచేస్తుంది, ఏడాదికి పొడిగిస్తే తప్పుతుంది. బరువు తగ్గినకొద్దీ మోయాల్సిన ఒళ్లు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో ఇచ్చిన లెక్క ప్రకారం శాశ్వతంగా తగ్గించిన ప్రతి 24 క్యాలరీలకు చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం రావడానికి ఏడాది, దాదాపు మొత్తం రావడానికి మూడేళ్లు పడుతుంది. అదే లెక్కన ఆరు కిలోలు తగ్గిన మనిషి ఖర్చు రోజుకు 140 మేర పడిపోతుంది. 400 లోటు దానంతటదే 260 అవుతుంది. నాలుగైదు నెలలకు బరువు నెమ్మదించడం అందుకే, ఒంట్లో ఏదో చెడిందని కాదు. నాలుగైదు కిలోలు తగ్గినప్పుడల్లా కొత్త బరువుతో లెక్క మళ్లీ వేసుకోవాలి. అప్పుడు తిండిని ఇంకా కోయడం ఒక దారి, నడకను పెంచడం మరో దారి, తగ్గే వేగం తక్కువైనా సరేనని సాగిపోవడం మూడోది. చివరిది తేలిగ్గా కనిపించకపోయినా ఎక్కువకాలం నిలిచేది అదే.

వయసు పెరిగినకొద్దీ ఒళ్లు సహకరించదన్న మాటకు కూడా ఇక్కడ జవాబు ఉంది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా కొలిచి 2021లో ప్రచురించిన పరిశోధనలో, శరీర పరిమాణాన్ని బట్టి చూస్తే ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా శక్తి ఖర్చు దాదాపు స్థిరంగా ఉంది. అరవై దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గడం మొదలవుతుంది. నలభైల్లో వచ్చే పొట్టకు తిండీ, కదలికలూ మారడమే ఎక్కువగా కారణం.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ లోటు లెక్కలు వేసుకోకూడదు. థైరాయిడ్ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడితో మాట్లాడాకే మొదలుపెట్టాలి. అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే మధుమేహులు. తిండి తగ్గి, నడక పెరిగి, మందు మాత్రం పాత మోతాదులోనే ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వారు తిండి తగ్గించడానికి ముందే వైద్యుడి దగ్గరకు వెళ్లి మందు మోతాదు సరిచేయించుకోవాలి.